ముగ్గురు కాపాడిన పిల్ల

1983 ఎండాకాలంలో నన్ను మదనపల్లెకు అసిస్టెంట్ హైడ్రోజియాలజిస్టుగా వేశారు. పేరు నోరు తిరగనిదే గానీ పని రెండు ముక్కల్లో చెప్పవచ్చు. కరువు ఊళ్ళకు వెళ్ళి, ఎక్కడ బోరు వేస్తే నీళ్ళు పడతాయో చూసి, అక్కడ నేలలో ఒక మేకు కొట్టి రావడం. దాన్ని మా శాఖలో ‘పాయింటు ఇవ్వడం’ అంటారు. పాయింటు ఇచ్చేది జియాలజిస్టు, బోరు దించేది రిగ్గు. నీళ్ళు పడితే పేరు సర్పంచిది, పడకపోతే పేరు నాది. ఈ పంపకం ఏ జీవోలోనూ లేదు గానీ చిత్తూరు జిల్లా అంతటా అమలులో ఉండేది.

నేను చేరిన కొత్తల్లో పుంగనూరు చుట్టుపక్కల ఇచ్చిన పాయింట్లు వరుసపెట్టి పోయాయి. బోరులో సుత్తి రాతిని పొడి చేస్తూ దిగుతుంటే కంప్రెసరు గాలి ఆ పొడిని పైకి ఊదుతుంది. కింద నీళ్ళు తగిలితే పైకి బురద వస్తుంది. తగలకపోతే తెల్లటి దుమ్ము వస్తుంది. నా పాయింట్ల దగ్గర దుమ్మే వచ్చింది. అది ఇళ్ళ మీద, చెట్ల మీద, ఆరేసిన చీరల మీద పడింది. దాంతో నాకు ‘దుమ్ము సార్’ అన్న పేరు స్థిరపడింది. ఒకసారి బి.కొత్తకోట బస్సులో నిలబడి ఉంటే కండక్టరు నన్ను ఎగాదిగా చూసి, “మీరేనంట గదా సార్ దుమ్ము సారు?” అని, పాపం, జాలిపడి సీటు ఇప్పించాడు. డిగ్రీలో గోల్డు మెడల్ తెచ్చుకున్నవాడికి ఇంతకన్నా గౌరవం ఏం కావాలి!

ఇప్పుడు చెప్పబోయే ఊరు పుంగనూరు నుంచి పలమనేరు పోయే దారిలో, రోడ్డు దిగి గుట్టల వైపు నడిస్తే వస్తుంది. ఊరి పేరు చెప్పను. చెబితే ఈ వయసులో కూడా ఒకరిద్దరు నా ఇంటికి తగాదాకు వస్తారు. ఊళ్ళో ఉన్నవి రెండు వీధులు, పై వీధి, కింద వీధి. ముందు సంవత్సరం వేసిన బోరు ఎండిపోయింది. అది నా పాయింటు కాదని ఇక్కడే మనవి చేసుకుంటున్నాను. రెండోది కూడా పోతే ఆ ఊరిని ‘రాతి నేల, బోరుకు అనుకూలం కాదు’ అని రాసి జాబితా అడుగుకు తోస్తారు. ఆ అడుగు నుంచి మళ్ళీ పైకి వచ్చిన ఊరిని నా సర్వీసులో చూడలేదు.

అప్పటికి ఆ ఊరి ఆడవాళ్ళు ఊరికి దూరంగా ఒక రైతు మోటారు బావి నుంచి నీళ్ళు మోసుకుంటున్నారు. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు బిందెలతో పరుగు. ఆ రైతు మంచివాడే గానీ అతని చేలో వేరుశనగ వాడిపోతోంది. ఈ నెల దాటితే గేటుకు తాళం వేస్తానని చెప్పేశాడు. ఇక రిగ్గు సంగతి. మాకున్నది ఒకే రిగ్గు. మరుసటి రోజు తెల్లవారేసరికి అది కుప్పం వైపు, గుడుపల్లె దగ్గర ఊళ్ళకు పోవాలి. అంటే ఆ ఊరికి మిగిలింది ఒక పగలు, ఒక మేకు.

మామూలుగా అయితే మేం రెసిస్టివిటీ మీటరు వాడతాం. నాలుగు ఇనుప కడ్డీలు ఒకే వరుసలో నేలలోకి కొట్టి, తీగలు తగిలించి, కరెంటు పంపి, కింద రాయి ఎంత గట్టిదో అంచనా కడతాం. దానికి పొడవాటి ఖాళీ స్థలం తిన్నగా దొరకాలి. ఆ ఊళ్ళో తిన్నగా ఉన్నది ఏదీ లేదు. వీధులు వంకర, గట్లు వంకర, నేను తీగలు పరిచిన చోటల్లా ఎవరిదో ఒకరి మేక వచ్చి పడుకునేది. అటువంటప్పుడు మా మాన్యువల్‌లో ఇంకో మార్గం ఉంది, ‘స్థానిక విచారణ’. ఊళ్ళో పెద్దల్ని కూర్చోబెట్టి, పాత బావులు ఎక్కడ ఉండేవి, ఏవి ఎండేవి, ఏవి ఎండేవి కావు అని అడగడం.

విచారణలో మొదటి పావుగంట అద్భుతంగా జరిగింది. ఒకప్పుడు ఊళ్ళో ఒక దిగుడుబావి ఉండేదనీ, ఎంత కరువులోనూ ఎండేది కాదనీ అందరూ ఒకే మాట మీద చెప్పారు. ఒక దున్నపోతు అందులో పడి చచ్చిందట. ఆ నీళ్ళు తాగడం మానేశారు. తర్వాత ఊరంతా కలిసి రాళ్ళూ చెత్తా వేసి పూడ్చేశారు. నాకు ప్రాణం లేచి వచ్చింది. రాతి నేలలో ఎండని బావి ఉందంటే కింద ఎక్కడో నీళ్ళు ఊరే పగులు ఉన్నట్టే. ఆ పక్కన బోరు దించితే నీళ్ళు పడడానికి అవకాశం మెండు. ఆ బావి ఎక్కడుండేదో చూపించండి అన్నాను.

చూపించారు. మూడు చోట్ల.

సర్పంచి చిన్నప్పరెడ్డి తన ఇంటి ముందు చూపించాడు. పై వీధి పెద్దమనిషి గంగిరెడ్డి తన ఇంటి ముందు చూపించాడు. కింద వీధి పెద్దమనిషి మునివెంకటప్ప తన ఇంటి ముందే చూపించాడు. ప్రభుత్వ బోరు ఎవరి వాకిట్లో పడితే వాళ్ళ ఇంట్లో బిందె మోసే బాధ ఉండదు మరి. అడిగేవాడిది తప్పు గానీ చెప్పేవాళ్ళది కాదు. సర్పంచి బావమరిది ఒకడు అరచేతిలో టెంకాయ పెట్టుకుని ఊరంతా తిరిగాడు. కింద నీళ్ళుంటే టెంకాయ నిలువుగా లేస్తుందని నమ్మకం. ఆ టెంకాయ కూడా సర్పంచి ఇంటి ముందే లేచింది. కాఫీ వాసన తగిలిన చోట లేస్తుందేమోనని నాకు అనుమానం.

ముగ్గురినీ చావిడి అరుగు మీద కూర్చోబెట్టాను. ముగ్గురూ ఒక ఈడువాళ్ళు, యాభై దాటినవాళ్ళు. ఆ బావిలోనే ఈత నేర్చుకున్నవాళ్ళు. చిన్నప్పటి సంగతులు ఒక్కొక్కటే అడిగితే బావి జాడ దానంతట అదే బయటపడుతుందని నా ఎత్తు. కుండలో చెయ్యి పెట్టాక గానీ తెలియలేదు, అందులో ఉన్నది తేళ్ళో బెల్లమో.

చిన్నప్పటి కబుర్లు మొదలయ్యాక బోరు మాట ఎవరికీ పట్టలేదు. ఎండిన సొరకాయ బుర్రలు వీపుకు కట్టుకుని ఈత నేర్చుకోవడం, ఒకడి సొరబుర్ర పగిలి నీళ్ళు మింగడం, దొంగతనంగా కోసిన చింతకాయలు బావి మెట్ల సందుల్లో దాచడం, అయ్యవారి బెత్తం తీసుకుపోయి అదే బావిలో పారేయడం, మరుసటి రోజు అయ్యవారు ఇంకా లావుపాటి బెత్తం తేవడం. ముగ్గురూ పగలబడి నవ్వుతున్నారు. ఒకరి వీపు ఒకరు చరుచుకుంటున్నారు. ఏడాదిగా మాట్లాడుకోని గంగిరెడ్డీ మునివెంకటప్పా ఒకే బీడీ ముట్టించుకున్నారు. నేను ఎండను చూసుకుంటూ, “మరి ఆ మెట్లు ఏ వైపు ఉండేవి?” అని అడిగితే ముగ్గురూ మూడు వైపులకు చెయ్యి చూపించి మళ్ళీ నవ్వుల్లో పడ్డారు.

అప్పుడు సర్పంచి గొంతు సవరించుకున్నాడు. “సార్, ఆ బావి యాడుండాదో నాకు తెలీకుంటే ఇంకెవురికి తెలుస్తాది? మునిగిపోతాండే ఆడపిల్లను జుట్టు పట్టుకొని బయటికి లాగింది నేను. మా ఇంటి ముందరే లాగినాను.”

గంగిరెడ్డి బీడీ పక్కన పడేశాడు. “నువ్వు లాగినావా? నువ్వు ఆ పొద్దు యాడుండావప్పా? దూకింది నేను. ఎత్తింది నేను. పై వీధిలో ఎత్తినాను.”

మునివెంకటప్ప నెమ్మదస్తుడు. ఇద్దరినీ మాట్లాడనిచ్చి, ఆ పిల్లను భుజం మీద వేసుకుని కింద వీధి దాకా మోసింది తానేననీ, కడుపు నొక్కి నీళ్ళు కక్కించింది కూడా తానేననీ వినయంగా మనవి చేశాడు.

ముగ్గురూ లేచి నిలబడ్డారు. ఎలా దూకిందీ, ఎలా పట్టిందీ ఒకరి తర్వాత ఒకరు ఆడి చూపించారు. మునివెంకటప్ప అయితే మా అటెండరును అరుగు మీద పడుకోబెట్టి కడుపు నొక్కడం మొదలుపెట్టాడు. వాడు అప్పుడే భోంచేసి వచ్చాడు. నాకు నవ్వు రాలేదు. అవతల రిగ్గు తోలుకొచ్చిన డ్రిల్లరు ఆరుముగం లారీ నీడలో పడుకుని, గంటకొకసారి తల ఎత్తి, “పాయింటు సార్?” అని అడుగుతున్నాడు. దుమ్ము సార్ అన్న పేరు కూడా పోయి, పాయింటు ఇవ్వలేని సార్ అన్న పేరు వస్తుందని నా భయం.

ఆ చిరాకులోనే ఒక ప్రశ్న అడిగాను. తెలివితో అడిగింది కాదు, విసుగుతో అడిగింది. “కాపాడినవాళ్ళు ముగ్గురు కనబడుతున్నారు, బాగుంది. ఇంతకూ మునిగిన పిల్ల ఎవరు?”

జవాబు చావిడి ముందు నుంచి వచ్చింది.

మోటారు బావి నుంచి ఆడవాళ్ళు వరుసగా తిరిగి వస్తున్నారు. విచారణకు వాళ్ళను ఎవరూ పిలవలేదు, నేనూ పిలవలేదు. నీళ్ళ గురించి మాట్లాడేది మగవాళ్ళు, మోసేది ఆడవాళ్ళు. ఆ ఊరి వాడుక అది. వరుసలో ముందున్న ఆమె పేరు మునెమ్మ. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె. ఆ ఊళ్ళోనే పుట్టి ఆ ఊళ్ళోనే మెట్టిన మనిషి. ఎంతసేపటి నుంచి నిలబడి వింటోందో తెలియదు.

“నేనే సార్ ఆ పిల్లను” అంది. తర్వాత ముగ్గురి వైపు తిరిగింది. “ఏమన్నా, నన్ను ఎత్తింది నువ్వా? ఈయన్నా? ఆయన్నా? ముగ్గురూ కలిసి ఎత్తింటే నా మోకాలికి ఈ మచ్చ యాల ఉండాది? నేను మెట్టు మీంద కాలుజారి పడితే మీరు ముగ్గురూ సొరబుర్రలు ఆడనే పారేసి పరిగెత్తినారు, మీ నాయనలు తంతారని. రాళ్ళు పట్టుకొని నేనే ఎక్కొచ్చినా. ఇన్నేండ్లూ పోనీలే అని ఊరుకున్నా. ఇప్పుడు సూడు, జుట్టు పట్టుకున్నారంట, కడుపు నొక్కినారంట!”

వరుసలోని ఆడవాళ్ళు నవ్వితే బిందెల్లో నీళ్ళు తొణికాయి. గంగిరెడ్డి నేల చూస్తూ, “మేమూ పిల్లోళ్ళమే గదమ్మా అప్పుడు” అన్నాడు. మునివెంకటప్ప మా అటెండరు కడుపు మీద నుంచి చేతులు తీశాడు.

నేను బావి చోటు అడిగాను. మునెమ్మ క్షణం కూడా ఆలోచించలేదు. బావి పక్కన ఒక పెద్ద బండ ఉండేదట. దాని మీద అవ్వల కాలంలో ఎవరో వామనగుంటలు తొలిపించారు. రెండు వరుసల చిన్న గుంటలు, చింతగింజలు పోసి ఆడుకునే ఆట. నీళ్ళకు వంతు వచ్చేదాకా ఆడపిల్లలు ఆ బండ మీద ఆడుకునేవాళ్ళు. మగపిల్లలకు ఆ ఆటా తెలియదు, ఆ బండా గుర్తుండదు.

“బావి పూడుస్తారు గానీ బండను యాడికి ఎత్తకపోతారు సార్? ఆడనే ఉండాది. అదో, సర్పంచన్న వామి కింద.”

రెండు వీధులూ కలిసే మలుపులో, ఊరుమ్మడి స్థలంలో, కాయలు కోసుకున్నాక పశువుల మేతకు కుప్పవేసిన సర్పంచిగారి వేరుశనగ కట్టె వామి ఏనుగంత ఎత్తున ఉంది. ఊరంతా వామి వైపు చూసింది. సర్పంచి గుట్ట వైపు చూశాడు.

ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది. ఉమ్మడి స్థలంలో వామి వేసి చాలాకాలమైంది. ఒకసారి కదిపితే మళ్ళీ అక్కడ వేయనిస్తారన్న నమ్మకం లేదు. అందుకని ఆయన, ఊళ్ళో ఎక్కడ తవ్వినా బండలే ఉంటాయన్నాడు. వామిలో నాగుపాము ఉందన్నాడు. ఆ రోజు మంగళవారం, మేత కదపకూడదన్నాడు. నేను ప్రభుత్వోద్యోగిని. సర్పంచి సంతకం లేకుండా రిగ్గు ఒక్క అడుగు కూడా కదపలేను. బతిమాలాను. ఆయన మంగళవారం దగ్గరే నిలబడిపోయాడు.

మునెమ్మ నెత్తి మీది బిందె దించి, పక్కనే ఉన్న సర్పంచి ఇంటి గడప ముందు పెట్టింది. చంకలోది దాని పక్కన పెట్టింది. “వామి కదిలిందాకా ఈ బిందెలు ఈడనే ఉంటాయి” అంది. వెనకున్నవాళ్ళూ ఒక్కొక్కరే దించారు. కాసేపటికి గడప దాటి లోపలికి పోవాలంటే సర్పంచి కప్పలా గెంతాల్సి వచ్చేలా ఉంది. వరుసలో చివరగా ఉన్నది ఆయన భార్య. ఆమె భర్త మొహం చూడలేదు. తన బిందె కూడా తీసుకొచ్చి మునెమ్మ బిందెకు ఆనించి పెట్టి, చెంగుతో మెడ తుడుచుకుంది.

“మంగళవారమైతే ఏమిలే” అన్నాడు సర్పంచి.

నా సర్వీసులో చూసిన ఊరేగింపుల్లో ఆ వామి ఊరేగింపే గొప్పది. రెండు వీధులవాళ్ళూ మోపులు మోపులుగా కట్టె ఎత్తుకుని సర్పంచి పెరట్లోకి మోశారు. మామూలుగా ఒకరి నీడ ఒకరు తొక్కనివాళ్ళు ఆ పూట ఒకే మోపుకు చెరో కొస పట్టారు. నాగుపాము కనబడలేదు గానీ వామి లోపల గుడ్లు పొదుగుతున్న ఒక కోడి బయటపడింది. అది పై వీధిదా కింద వీధిదా అని కొంతసేపు పని ఆగింది. కోడి తీర్పు కోసం ఆగకుండా గుడ్ల మీదికి తిరిగి వెళ్ళి కూర్చుంది.

చివరి మోపు తీశాక బండ బయటపడింది. మునెమ్మ కొంగుతో దుమ్ము తుడిచింది. రెండు వరుసల గుంటలు, అరిగి నున్నబడి, అన్నట్టే ఉన్నాయి. నాకు ఒళ్ళు జలదరించింది. నా తీగలూ కడ్డీలూ ఆ వామి దగ్గరికి ఎన్నటికీ వచ్చేవి కావు. ఇద్దరు ముసలమ్మలు మాత్రం ఆ ఒళ్ళు జలదరింపులేవీ పెట్టుకోకుండా బండకు అటూ ఇటూ చతికిలబడి చింతగింజల కోసం మనిషిని పంపారు. ఆట అయ్యేదాకా ఆగమన్నారు. వాళ్ళను లేపడం సర్పంచిని ఒప్పించడం కన్నా కష్టమైంది.

బండకు ఏ వైపు బావి అన్నది ఇంకా తేలాలి. అది కూడా మునెమ్మే తేల్చింది. ఆటలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. “బావికి వీపు పెట్టి ఎవురు కూసుంటారు సార్? వంతు పోదా?” అంది. ఇద్దరికీ బావి కనబడాలంటే అది గుంటల వరుసకు ఏదో ఒక కొసలో ఉండాలి. ఒక కొసన గట్టి బండే ఉంది, గడ్డపార వేస్తే ఖంగుమంది. రెండో కొసన గడ్డపార మెత్తగా దిగి, మసిబట్టిన పెంకులూ చెత్తా పైకి తెచ్చింది. పూడ్చిన బావి అదే. ఆ అవతల నేలలో నల్లరాయి పట్టీ ఒకటి అడ్డంగా పోతోంది. గుట్ట మీది నుంచి భూమిలోపల దిగివచ్చే నీళ్ళను అటువంటి పట్టీ కట్టలా ఆపుతుంది. బావి ఎందుకు ఎండేది కాదో అప్పుడు తెలిసింది. పూడ్చిన చోటే బోరు వేస్తే చెత్త కూలి సుత్తి ఇరుక్కుంటుంది. అందుకని కొంచెం పక్కకు, పట్టీకి గుట్ట వైపున, కదలని నేల చూసి మేకు కొట్టాను.

ఆరుముగం రిగ్గు నిలబెట్టి నా వైపు చూసి, “దుమ్మా, తన్నీరా సార్?” అని నీళ్ళను తన అరవంలో అడిగి పళ్ళికిలించాడు. పైమట్టి దాటాక అది కూలకుండా కేసింగు పైపు దించారు. తర్వాత రాయి తగిలింది. దుమ్ము లేచింది. తెల్లగా, నాకు బాగా పరిచయమైన దుమ్ము. అది చాలాసేపు లేచింది. సర్పంచి తన పెరట్లోని కట్టె వైపు చూసి నిట్టూర్చాడు. జనంలో ఎవరో ‘దుమ్ము సార్’ అన్నారు, ఇంకెవరో ఉష్ అన్నారు. మునెమ్మ బండ మీద కూర్చుని బోరు వైపే చూస్తోంది. మొహంలో ఏమీ లేదు. బిందెలు ఖాళీ అయితే రేపు మళ్ళీ నడవాల్సిన మనిషి ఆమె, నేను కాదు. నా బాధ పేరు గురించి. ఆమె బాధ అది కాదు. ఆ తేడా నాకు ఆ బండ పక్కన నిలబడినప్పుడు తెలిసినంతగా అంతకుముందు తెలియలేదు.

దుమ్ము రంగు మారింది. ముందు తడిపొడిగా ఉండలు వచ్చాయి. ఏమిటా అని నేను వంగి చూస్తుండగా బోరు ఒక్కసారి దగ్గింది. కంప్రెసరు గాలికి బురద నీళ్ళు చెట్టంత ఎత్తు లేచి, తలనుంచి బూట్ల దాకా నన్ను ముంచాయి. నాకు కళ్ళు కనబడలేదు గానీ చెవులు వినబడ్డాయి. ఊరంతా కేకలు వేస్తోంది. ఎవరో నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగారు. ముఖం తుడుచుకుని చూస్తే మునెమ్మ. “సూడు సార్, నేను లాగినట్టు నలుగురూ సూసినారు. రేపు ఇంకెవురూ సెప్పుకోకూడదు” అంది.

నీటిని కొలవడానికి ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో గాటు కోసిన రేకు పలకను పారే నీటికి అడ్డం పెడతాం. గాటులో నీరు ఎంత ఎత్తున పోతే అంత దిగుబడి. చేతిపంపుకు కావలసిన దానికన్నా బాగా ఎక్కువే పోయింది. ఆరుముగం రిగ్గు మడిచి, తెల్లవారకముందే కుప్పం దారి పట్టాడు.

పంపు బిగించిన రోజున నన్నూ పిలిచారు. సర్పంచి టెంకాయ కొట్టి ఉపన్యాసం ఇచ్చాడు. తాను బాల్యంలో ఇదే చోట ఒక పిల్లను నీళ్ళలోంచి కాపాడిన సంగతితో మొదలుపెట్టాడు. మునెమ్మ బిందె పెట్టి పంపు కొట్టడం మొదలుపెట్టింది. కొత్త పంపు, చప్పుడు ఎక్కువ. ఉపన్యాసం అయ్యేదాకా కొడుతూనే ఉంది, బిందె నిండి పొర్లుతున్నా.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా చాలా ఊళ్ళలో స్థానిక విచారణ చేశాను. మాన్యువల్‌లో లేని ఒక పద్ధతి పాటించాను. బిందె మోసేవాళ్ళు రాకుండా విచారణ మొదలుపెట్టలేదు. కాపాడినవాళ్ళ కథలు కాఫీ తాగుతూ విన్నాను. మేకు మాత్రం పడినవాళ్ళను అడిగి కొట్టాను.